కంచ, కంచె

మాదాపూర్,
2011 జనవరి 9

ప్రియమైన సక్కూ,

కొత్త సంవత్సరం వచ్చి తొమ్మిది రోజులయ్యాక శుభాకాంక్షలు చెబుతున్నానని తిట్టుకుంటావు. తిట్టుకో. నన్ను తిట్టుకునే మనిషి ఒకరున్నారని తెలిసినా నాకు ధైర్యంగా ఉంటుంది. ఈ ఊళ్ళో ఆ భాగ్యం కూడా లేదు.

ఉద్యోగం దొరికింది. హైటెక్ సిటీలోనే, నల్లద్దాల భవనంలో ఐదో అంతస్తు. దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్ళ కోసం అమెరికా చరిత్ర పుస్తకాన్ని తెలుగులోకి మారుస్తున్నారు. నా వంతుకు రెండు పాఠాలు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికా వాళ్ళు పడమటి భూముల్లోకి ఎలా విస్తరించారన్నది మొదటిది. అదే కాలంలో వచ్చిన సంఘ సంస్కరణలు రెండోది. ఏడాది కాంట్రాక్టు.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలు. మిగతా ముగ్గురూ రాత్రి షిఫ్టు పిల్లలు. నేను వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు, వాళ్ళు వచ్చేసరికి నేను బయల్దేరతాను. మూడు వారాలుగా ఒకే గదిలో ఉన్నాం, కిటికీ పక్క మంచం అమ్మాయి ముఖం నాకింకా సరిగ్గా తెలియదు. ఆమె దుప్పటి రంగు మాత్రం తెలుసు. పోస్టు డబ్బా ఎక్కడుందని చీటీ రాసి పెడితే, ఈ కాలంలో ఉత్తరాలేమిటని వాళ్ళు దాని కిందే రాసి నవ్వారు. జ్వరం వచ్చి నీ చెవులు పోయి పన్నెండేళ్ళయిందని, నీ ఫోనుకు తెలుగులో మెసేజ్ పెడితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుందని వాళ్ళకేం తెలుసు.

ఆఫీసులో నాతో మాట్లాడేది ఒక్క లక్ష్మమ్మ. గ్లాసులు కడుగుతుంది, నేల తుడుస్తుంది. ఖాజాగూడ ఆమెది. మొదటి రోజే "ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగింది. బోధన్ దగ్గర నెమలిగుట్ట క్యాంపు అన్నాను. "క్యాంపంటే, పోలీసోళ్ళదా?" అంది. కాదు, నిజాంసాగర్ కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చిన రైతులు వేసుకున్న గుడిసెలకు ఆ పేరు పడిందని, మా సామ్యేలు తాత తెనాలి వైపు నుంచి వాళ్ళ బండ్ల వెనక పాలేరుగా నడిచి వచ్చాడని, నేను పుట్టి పెరిగింది అక్కడేనని చెప్పాను. "అయితే నువ్వు మా దిక్కే" అని టీ ఇచ్చింది. ఆ ఒక్క మాటకు నాకు కళ్ళు తడిశాయి. నవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. పాఠంలో వలసవచ్చి భూములు పట్టినవాళ్ళను సెటిలర్లు అన్నారు. ఆ మాటకు తెలుగు వెతుకుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఈ మధ్య ఆ మాట టీవీలో వింటున్నాను, గోడల మీద చూస్తున్నాను. అది నన్నే. ఇంకొకటి: అప్పటి పటాల్లో ఖాళీ అని రాసిన భూమి నిజానికి అక్కడి తెగలు ఉమ్మడిగా వేటాడుకునే, పశువులు మేపుకునే భూమి అని ఒక వాక్యం ఉంది. అలాంటి భూమికి ఒక్క మాట కావాలి. ప్రస్తుతానికి బంజరు అని రాశాను. సరిపోలేదనిపిస్తోంది. రోజంతా గ్రంథాలయంలో కూర్చునేదానివి, నువ్వు చెప్పు.

నీ
ప్రిస్కిల్లా


నెమలిగుట్ట,
జనవరి 20

ప్రిస్కిల్లా,

బంజరు అని రాసిన చెయ్యి విరగ్గొడతాను. బంజరంటే ఎవరికీ అక్కరలేని నేల. గొర్రెలు మేసిన నేల అక్కరలేనిది ఎట్లా అవుతుంది? దాన్ని కంచ అంటారు. కాలువకు ఈ పక్క ఏ ముసలమ్మనడిగినా చెప్పేది. నువ్వు ఆ పక్క పుట్టావు, అదీ నీ కర్మ.

మీ క్యాంపు ఉన్న జాగా అంతా మా ఊరి కంచ. పట్టా ఎవరి పేరునా లేదు, ఎందుకంటే అది ఊరందరిదీ. మా నాయనమ్మ అంజమ్మ అక్కడే గొర్రెలు కాసింది. కాలువ తవ్వారు, కాగితాల్లో బంజరు అని రాసుకున్నారు, మీవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. "మన కంచకు కంచె ఏసిండ్రు బిడ్డా" అనేది ముసలిది పోయేదాకా. మీ ఇళ్ళల్లో కంచె అంటే ముళ్ళకంప. మా ఇళ్ళల్లో కంచ అంటే మేత. రాస్తే గుణింతం ఒక్కటే తేడా.

మీ తాతను మాత్రం ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. ఆయన తన నేల చెక్క చుట్టూ కంప పెట్టినప్పుడు గొర్రెలు దూరేంత సందు వదిలాడట. అందుకు ఆసామి చేత తిట్లు తిన్నాడట. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

సెటిలర్ అనే రాయి. మా దగ్గర మూడో తరగతి పిల్లకూ అర్థమవుతుంది. నీకు నొప్పిగా ఉంటే ఉండనీ, చరిత్ర అన్నాక ఎవరికో ఒకరికి నొప్పి ఉంటుంది. ఇంకా ఏయే మాటలు కావాలో రాయి. చలికాలం, లైబ్రరీకి పేపరు చదివే ఇద్దరు ముసలాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు, నాకూ తోచడం లేదు.

మూడు పూటలా తిను. హాస్టల్ సాంబారు తాగి ఊరుకోకు.

సక్కుబాయి


మాదాపూర్,
ఫిబ్రవరి 27

ప్రియమైన సక్కూ,

కంచ అనే రాశాను. "అప్పటి పటాల్లో ఖాళీ భూములని చూపినవి నిజానికి తెగల ఉమ్మడి కంచలు." చదివి చూడు, ఎంత తేలిగ్గా ఉందో. రాశాక లక్ష్మమ్మను అడిగాను, కంచ అంటే తెలుసా అని. ఆమె తుడుస్తున్న కర్ర గోడకు ఆనించి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. "గిదంత కంచనే ఉండె. మా మామ బర్లు గిక్కడిదాంక తోలుకొస్తుండె. నువ్వు కూసున్న జాగల కూడ మేసినయి కావొచ్చు" అంది. కింద చూస్తే కార్లు, వాటి పక్కన ఇంకా పగలగొట్టని బండరాళ్ళు. ఆ రోజంతా కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయాను.

తాత సందు వదిలిన సంగతి నిజంగానే నాకు తెలియదు. నాన్న ఉంటే అడిగేదాన్ని. ఇల్లు అమ్మేశాక ఆ నేల మీద నాకు మిగిలింది రెండు సమాధులు.

రెండో పాఠం సగం అయింది. ఒక సంగతి చెబుతాను విను. విను అన్నానా, చదువు. 1830 ప్రాంతంలో చెరోకీ అనే తెగను వాళ్ళ సొంత నేల మీంచి పడమటికి వెళ్ళగొట్టడానికి చట్టం చేస్తుంటే, ఎక్కడో ఉత్తరాన ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఆ పని చేయొద్దని అర్జీలు రాసి సంతకాలు చేసి పంపారట. వాళ్ళకు ఓటు లేదు. వాళ్ళలో చాలామంది ఒక్క చెరోకీ మనిషినైనా చూసి ఉండరు. అర్జీలు పనిచేయలేదు, చట్టం వచ్చింది, ఆ జనాన్ని తోలేశారు. దారిలో వేలమంది చనిపోయారు. కానీ ఆ సంతకాలు చేసిన ఆడవాళ్ళే తర్వాత బానిసత్వం మీద, ఆ తర్వాత తమ ఓటు కోసం పోరాడటం నేర్చుకున్నారని పాఠం చెబుతుంది. తాగుడు మాన్పించే ఉద్యమం కూడా ఇందులోనే ఉంది. దానికి మంచి తెలుగు పేరు కావాలి.

ప్రత్యేక రాష్ట్రం కోసం సహాయ నిరాకరణ అని మీ వైపు ఆఫీసులన్నీ ఆగిపోయాయట కదా. ఇక్కడ అద్దాల లోపలికి నినాదాలు రావు. ఆటోలు దొరకనప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఆదివారం ప్రార్థనకు కూడా నడిచే వెళ్ళాను. పాస్టరుగారు అందరినీ పక్కవాళ్ళకు చెయ్యి కలపమన్నారు, నా పక్క కుర్చీ ఖాళీ.

నా పేజీలు ఇప్పుడు రామబ్రహ్మం గారి దగ్గరకు వెళ్తాయి. మా విభాగంలో పెద్దాయన, కోస్తావారు, వ్యాకరణం అంటే ప్రాణం. మాట మెత్తన. ఆయన చూశాక అచ్చుకే. సక్కూ, మీ నాయనమ్మ మాట డిగ్రీ పుస్తకంలోకి ఎక్కుతోంది.

నీ
ప్రిస్కిల్లా


నెమలిగుట్ట,
మార్చి 14

ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం రోడ్డు మీద చదివాను. వంటావార్పు నడుస్తోంది, ఊరి ఆడవాళ్ళమంతా బోధన్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి పప్పు వండుతున్నాం. ప్రభుత్వ జీతగత్తెను కాబట్టి ఉద్యోగ సంఘం బ్యానరు కింద కూర్చున్నాను. పోస్టుమాన్ అక్కడికే తెచ్చి ఇచ్చాడు. పప్పు అడుగంటింది, ఆ తప్పు నీదే.

కంచ అని పుస్తకంలో వస్తోందని అందరికీ చెప్పాను. ఒకసారి రెండుసార్లు కాదు, అటువైపు వెళ్ళే ప్రతి మనిషికీ చెప్పాను. "మా ప్రిస్కిల్లా రాసింది" అన్నాను. మన నాగమణి గుర్తుందా, మగ్గం వాళ్ళ పిల్ల, దూరవిద్యలోనే డిగ్రీ కట్టింది. పుస్తకం రాగానే ఆ పేజీ తాను పైకి చదువుతానంది. ఆడవాళ్ళు వింటామన్నారు. వాళ్ళు చరిత్ర పుస్తకం వింటామనడం నేను ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారి.

తాగుడు ఉద్యమానికి నువ్వు మద్యపాన నిషేధోద్యమం అని రాస్తావు, తెలుసు. రాయి, పరీక్షలో మార్కులు పడతాయి. మా దగ్గర దానికి పేరు లేదు. పోయిన ఏడాది ఆడవాళ్ళు వెళ్ళి బెల్టు షాపు తాళం గుంజుకొచ్చారు, అంతే.

సంతకాలు చేసిన ఆ ఆడవాళ్ళను గురించి ఆలోచిస్తున్నాను. ఓడిపోతామని తెలిసి చేశారా, తెలియక చేశారా? తెలిసి చేసి ఉంటే నాకు వాళ్ళ మీద ఇంకా గౌరవం. పాఠంలో ఉంటే చెప్పు.

క్యాంపులో అందరూ బాగానే ఉన్నారు. సమాధుల దగ్గర గడ్డి కోయించాను. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

పుస్తకం రాగానే పంపు.

సక్కుబాయి


మాదాపూర్,
జూన్ 19

ప్రియమైన సక్కూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమనుకోకు. పని ఎక్కువగా ఉంది. కళ్ళు నొప్పిగా ఉంటే అద్దాలు మార్పించాను.

పుస్తకం ఇంకా అచ్చులోనే ఉంది. ఎప్పుడొస్తుందో తెలియదు. ఇలాంటివి ఆలస్యమవుతాయట. రాకపోయినా రాకపోవచ్చు. నాగమణితో మరీ గట్టిగా చెప్పకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మొన్న ఒక్కదాన్నే ఖాజాగూడ చెరువు దాకా నడిచాను. చెరువు పక్క బండల మీద ఎవరెవరో జంటలు, స్నేహితులు కూర్చుని ఉన్నారు. నేను కూడా కూర్చుని పల్లీలు తిని వచ్చాను. లక్ష్మమ్మ ఈ మధ్య పెద్దగా మాట్లాడటం లేదు, ఆమెకూ పని ఎక్కువైనట్టుంది.

సంతకాల గురించి నువ్వు అడిగింది పాఠంలో లేదు.

నీ
ప్రిస్కిల్లా


నెమలిగుట్ట,
సెప్టెంబర్ 4

కుమారి ప్రిస్కిల్లా గారికి,

మీరు అనువదించిన పుస్తకం మే నెలలోనే అచ్చయిందని దాని రెండో పేజీలో ఉంది. నాగమణి బోధన్ అధ్యయన కేంద్రం నుంచి తెచ్చింది. పోయిన ఆదివారం లైబ్రరీ ముందు ఇరవై ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. పిల్ల పేజీ తీసి చదివింది. నేను ఆమె పెదవులు చూస్తూ ఉన్నాను. మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలియక పుస్తకం తీసుకుని నేనే చదువుకున్నాను.

"అప్పటి పటాలలో ఖాళీ భూములుగా చూపబడినవి నిజానికి తెగలవారు ఉమ్మడిగా కంచెలు వేసుకొన్న భూములు. సెటిలర్లు ఆ కంచెలను తొలగించి సాగుకు తెచ్చారు."

అంటే కంప నాటింది వాళ్ళు, తీసింది వచ్చినవాళ్ళు. మా నాయనమ్మ బతుకంతా మీ కంపలు దాటలేక చుట్టూ తిరిగింది. ఆమెనే అడ్డం పెట్టినదాన్ని చేశారు. అచ్చులో, డిగ్రీ పిల్లలు బట్టీ పట్టేటట్టుగా.

ఆడవాళ్ళు చెంగులు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. అది నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. తెలియక జరిగిందా, తెలిసి ఊరుకున్నారా? ఆ ఒక్క ముక్క రాస్తే చాలు, మిగతా క్షేమ సమాచారాలు అవసరం లేదు.

ఇట్లు
కె. సక్కుబాయి,
శాఖా గ్రంథాలయాధికారి


మాదాపూర్,
సెప్టెంబర్ 11

సక్కూ,

తెలిసి ఊరుకున్నాను.

ఆ ఒక్క ముక్కే చాలన్నావు. కానీ మిగతాది చెప్పకపోతే నేను ఈ మంచం మీద పడుకోలేను. చదవకుండా చింపేసినా సరే, రాస్తున్నాను.

ఏప్రిల్‌లో అచ్చుకు ముందు చివరి పేజీలు నా బల్ల మీదికి వచ్చాయి. ఆ వాక్యం చూశాను. రామబ్రహ్మం గారు చెడ్డ ఉద్దేశంతో మార్చలేదు. ఆయనకు తెలిసిన తెలుగులో కంచ అనేది తప్పు, కంచె అనేదే ఒప్పు. కంచె అని దిద్దాక వాక్యం కుదరలేదు, అందుకని కుదిరేలా తిరగరాశారు. కింద వాక్యం కూడా దానికి తగ్గట్టు సర్దారు. ఎర్ర పెన్నుతో ఎంత శుభ్రంగా దిద్దారో.

నేను కాగితం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "సార్, కంచ అంటే మేత భూమి అండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఎక్కడి మాటమ్మా అది? ఏ ఊరు మీది?" అన్నారు. గదిలో ఎనిమిదిమంది ఉన్నారు, అందరూ తలలెత్తారు. ఆ వారమంతా క్యాంటీన్‌లో కోస్తా వాళ్ళదొకటి, ఇక్కడివాళ్ళదొకటి అని రెండు బల్లలయ్యాయి, ఎటు కూర్చుంటే అటు మనిషని లెక్క. నేను రోజూ టిఫిన్ డబ్బా నా సీటులోనే తింటున్నాను. ఆయన మామూలుగానే అడిగి ఉంటారు. నాకు మాత్రం ఎటు వెళ్తావో తేల్చుకో అన్నట్టు వినిపించింది.

"గుంటూరు జిల్లా అండీ, తెనాలి" అన్నాను.

సక్కూ, నేను తెనాలి ఒక్కసారి చూశాను. ఎనిమిదేళ్ళప్పుడు, పెళ్ళికి. ఆ ఊళ్ళో నాకు ఏ వీధీ తెలియదు.

"మరింకేం, మనవైపు అమ్మాయివే. మనం కంచె అనే కదా అంటాం" అని ఆయన నవ్వి కాగితం తిరిగి ఇచ్చారు. నేను సరేనండీ అని సంతకం చేశాను. సంతకం అంటే ఇంగ్లీషులో నా పేరులో మొదటి అక్షరం, తేదీ. అప్పుడు లక్ష్మమ్మ గదిలో గ్లాసులు ఏరుతోంది. ఆమెకు నా ఊరు తెలుసు కదా. నా ముఖం చూసింది, పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనడం మానేసింది. మేడం అంటోంది. పని ఎక్కువైందని నీకు రాశాను, అది అబద్ధం. పుస్తకం అచ్చులో ఉందన్నది కూడా అబద్ధం. అప్పటికే ఒక ప్రతి నా మంచం కింద పెట్టెలో ఉంది.

ఉద్యోగం పోతుందని భయపడ్డాననుకుంటావు. అది కొంతే. నిజం చెప్పాలంటే ఆ గదిలో ఎవరో ఒకరు నన్ను మనమ్మాయి అనాలనిపించింది. ఎవరైనా సరే. అన్నారు కూడా. దానికి మీ నాయనమ్మను ఇచ్చాను. ఇంతా చేసి, ఆ మర్నాడు కూడా డబ్బా నా సీటులోనే తిన్నాను.

ఇప్పుడు తెనాలి నాది కాదు, మాదాపూర్ నాది కాదు, క్యాంపులో ఇల్లు లేదు. నీ ఉత్తరం మీద ప్రిస్కిల్లా గారు అని చూసినప్పుడు, వేరెవరిదో నాకొచ్చిందేమోనని కవరు తిప్పి చూశాను. నువ్వు కూడా కాదంటే నాకు ఊరనేది లేదు సక్కూ. బెదిరించడం కాదు, ఉన్న మాట.

ఒక్కసారి రావచ్చా? ఆడవాళ్ళ ముందు నిలబడి జరిగింది నా నోటితో చెబుతాను.

ప్రిస్కిల్లా


(కార్డు)
మాదాపూర్,
అక్టోబర్ 9

సక్కూ,

సకల జనుల సమ్మె కదా, ఉత్తరాలు రావడం లేదేమో అనుకున్నాను. పోస్టాఫీసులో అడిగితే, మాకు సమ్మె లేదమ్మా, అన్నీ అందుతున్నాయి అన్నారు. అంటే నువ్వే రాయలేదన్నమాట. సరే. ఆరోగ్యం జాగ్రత్త.

ప్రి.


నెమలిగుట్ట,
అక్టోబర్ 27

ప్రిస్కిల్లా,

సమ్మె అయిపోయింది. నలభై రెండు రోజులకు లైబ్రరీ తాళం తీశాను. లోపల అంతా ఎలుకలు. నీ ఉత్తరం, కార్డు రెండూ సమయానికే అందాయి. కోపంతో రాయలేదనుకుంటున్నావు. మొదటి వారం కోపమే. తర్వాత రాయకపోవడానికి కారణం వేరు, అది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

మార్చిలో నీకు క్యాంపులో అందరూ బాగానే ఉన్నారని రాశాను. బాగా లేరు. అంతకు రెండు రోజుల ముందే కాలువ వంతెన దగ్గర క్యాంపు గోడ మీద, పోవాలని, ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికి పోవాలని రాశారు. రాసింది మా అన్న కొడుకు. పోరాటం నాది కూడా, ప్రిస్కిల్లా. మా నీళ్ళు, మా కొలువులు, మా మాట మాకు కావాలనడంలో నాకు ఏ అనుమానమూ లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ గోడ నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం పంచాయతీ కచేరీ దగ్గర ఊరివాళ్ళు కూర్చున్నారు. నేనూ ఉన్నాను. గోడ మాటలు చెరపాలా ఉంచాలా అని మాట వచ్చింది. ఒకాయన నా వైపు తిరిగి, "ఆ సామ్యేలు మనుమరాలు నీ దోస్తే గద సక్కుబాయీ, గామె మన మనిషేనా?" అన్నాడు. వెలుతురు ఉంది, ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు, ప్రతి అక్షరం పెదవుల మీద చదివాను. అవునంటే అయిపోయేది. నేను చెవి మీద చెయ్యి పెట్టుకుని, వినపడలేదన్నట్టు తల ఊపాను. "ఇడువు, గామెకు వినరాదు" అన్నారు. నవ్వారు. వేరే మాటలోకి వెళ్ళిపోయారు. గోడ అట్లాగే ఉండిపోయింది.

నా చెవుడును పన్నెండేళ్ళలో ఎన్నడూ వాడుకోలేదు. ఆ రోజు వాడుకున్నాను. తర్వాత రెండు రోజులకు నీకు వంటావార్పు కబుర్లు రాశాను, మా ప్రిస్కిల్లా అని రోడ్డు మీద చెప్పుకున్నానని గొప్పలు పోయాను. అడగనివాళ్ళకు చెప్పాను, అడిగినవాడికి చెప్పలేదు. నువ్వు ఏప్రిల్‌లో చేసింది నేను మార్చిలోనే చేశాను. అందుకే నిన్ను తిట్టడానికి కూర్చున్న ప్రతిసారీ కలం పక్కన పెట్టేశాను.

క్షమించడం లాంటి పెద్ద మాటలు రాయను. నాగమణి పుస్తకంలో ఆ రెండు లైన్లు కొట్టేసి పైన నీ వాక్యం రాశాను. అధ్యయన కేంద్రం వాళ్ళు కూడా ఇరవై ప్రతులు నా చేతికిచ్చారు, వాటిలోనూ దిద్దాను. మిగతావి ఎక్కడెక్కడ ఉన్నాయో దేవుడికి తెలుసు. నీకు చాతనైతే మీ రామబ్రహ్మం గారికి రాతపూర్వకంగా ఇవ్వు, రెండో ముద్రణలో మార్చమని. ఆయన వింటారో వినరో తర్వాత సంగతి. సంతకం చేసి ఇవ్వు.

నవంబర్ 6 ఆదివారం. బోధన్‌లో పదకొండు గంటల బస్సు ఎక్కు. ఇక్కడి బస్టాండులో ఉంటాను. జనం ఏమంటారో నాకు తెలియదు, తెలుసని అబద్ధం చెప్పను. వస్తే రా.

సక్కుబాయి


మాదాపూర్,
నవంబర్ 8

ప్రియమైన సక్కూ,

నిన్న పొద్దున్నే రామబ్రహ్మం గారికి కాగితం ఇచ్చాను. నా ఊరు నెమలిగుట్ట క్యాంపు అని, తెనాలి అని చెప్పింది అబద్ధమని, కంచ అంటే మేత భూమి అని, రెండు వాక్యాలు తలకిందులయ్యాయని రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "ముందే చెబితే బాగుండేది కదమ్మా" అన్నారు. అరిచి ఉంటే తేలిగ్గా ఉండేది. కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది, పొడిగించరని ఈ రోజు మెయిల్ వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందో లేదో తెలియదు. లక్ష్మమ్మకు కూడా చెప్పాను. ఆమెకు నేను ఇంకా మేడమే. అది అంత తొందరగా పోదు.

గది అట్లాగే ఉంది, మూడు ఖాళీ మంచాలు. ఈ ఉత్తరం ఆ ఖాళీలో కూర్చుని రాస్తున్నాను. కానీ ఆదివారం నీకు చెప్పలేకపోయింది ఒకటుంది, అది చెప్పకుండా ఉండలేను.

బస్సులో కండక్టరు "ఊరా, క్యాంపా?" అని అడిగాడు. ఊరు అని టికెట్ తీసుకున్నాను. వంతెన దగ్గర ఆ గోడ చూశాను. వాన పడ్డా అక్షరాలు పోలేదు. నువ్వు వేపచెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నావు, వాన లేకపోయినా. జుట్టు అంత నెరిసిందని నువ్వు ఎన్నడూ రాయలేదు.

హోటల్ బల్ల మీద ఆడవాళ్ళు ఐదారుగురు ఉన్నారు. పేపరు చదివే ముసలాళ్ళున్నారు. మీ అన్న కొడుకు మోటార్ సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. చివర కూర్చున్న ముసలమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి అడిగింది: "ఏ ఊరు బిడ్డా నీది?"

వంద మాటలు పేర్చుకుని వచ్చాను సక్కూ. దారి పొడుగునా బస్సులో గొణుక్కుంటూ వచ్చాను. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. నువ్వు ముందు ఆమె పెదవుల వైపు చూశావు, తర్వాత నా పెదవుల వైపు చూశావు. నా పెదవులు కదలలేదు.

అప్పుడు నువ్వు చెప్పావు, "మా ఊరే" అని.

తర్వాత నువ్వు నా సంచి అందుకుని నడిచావు, ఏమీ జరగనట్టు. ఇంటికెళ్ళి అన్నం పెట్టావు, ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే నేను చెప్పాల్సింది చెప్పాను, కొందరు విన్నారు, కొందరు లేచి వెళ్ళారు. నీకు అంతా మామూలుగానే అనిపించి ఉంటుంది. నువ్వు ఆ రెండు మాటలూ మెల్లగా, పక్క మనిషికి చెప్పినట్టే చెప్పాననుకుంటున్నావు. నీ గొంతు నీకు వినపడదు కదా.

సక్కూ, నువ్వు అరిచావు. హోటలాయన టీ వడపోస్తూ ఆగిపోయాడు. మీ అన్న కొడుకు బండి దిగి నిలబడ్డాడు. కదలబోతున్న బస్సు ఆగింది, కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. కాలువ అవతల క్యాంపులో కూడా వినపడి ఉంటుంది. అక్కడ వినపడనిది నీ ఒక్కదానికే, అందుకని రాస్తున్నాను.

నీ
ప్రిస్కిల్లా